బావరి భయము



దేహమునకు గాయమైనచో అది కంటికి కనబడును. కట్టు కట్టుదురు, మందు పూయుదురు, ఇరుగుపొరుగువారు వచ్చి పలుకరించి పోవుదురు. మనస్సునకు గాయమైనచో అది యెవరికిని కనబడదు. గాయపడినవాడు సైతము దానిని దాచుకొనును. మెదడును గూర్చిన నూతనశాస్త్రమును, ధ్యానమను ప్రాచీనాభ్యాసమును ఈ కనబడని గాయమును మాన్పుటకై నేడు జంటగా నడచుచున్నవి. ఈ రెండును ఎట్లు కలిసికొన్నవో కొంత చరిత్ర విన్నవింపదలచితిని. నేను వైద్యుడను గాను. కోనరావుపేట ప్రాంతపు బడులలో తెలుగును, సంస్కృతమును చెప్పి విశ్రాంతి పొందినవాడను. అయినను ఈ చరిత్రను మన ప్రాంతమునుండియే మొదలుపెట్టుటకు తగిన ఆధార మొకటి కలదు.

మా యూరి మూలవాగు మానేరులో కలియును; మానేరు గోదావరిలో కలియును. ఆ గోదావరి తీరమున పూర్వము బావరి యను వృద్ధబ్రాహ్మణు డుండెనని పాళిభాషలోని సుత్తనిపాత మను గ్రంథము చెప్పుచున్నది. అందలి కడపటి భాగమైన పారాయణవర్గమున ఆతని కథ కలదు. ఆతడు కోసలదేశపు రాజధానినుండి దక్షిణాపథమునకు వచ్చి, అస్సక, అలక రాజ్యముల పొలిమేరలో, గోదావరి యొడ్డున, ఏఱుకొన్న గింజలతోను, పండ్లతోను జీవించుచుండెనట. సమీపగ్రామము వలన కలిగిన రాబడితో మహాయజ్ఞ మొకటి చేసి, ఉన్నదంతయు దానమిచ్చి ఆశ్రమమునకు తిరిగివచ్చెను. అప్పుడు మఱియొక బ్రాహ్మణుడు వచ్చెను. కాళ్లు కమిలి, పండ్లు పాచిపట్టి, తలయంతయు దుమ్ము కొట్టుకొని యున్న ఆ వచ్చినవాడు తనకు ఐదునూఱు లిమ్మనెను. బావరి కుశలమడిగి, కూర్చుండబెట్టి, తనయొద్ద నేమియు మిగులలేదని, మన్నింపుమని వేడుకొనెను. వచ్చినవాడు వినక, ఇయ్యకున్నచో ఏడవదినమున నీ తల ఏడు వ్రక్కలగునని శపించి పోయెను.

ఆ మాట విన్నంతనే బావరికి భయము పట్టుకొన్నది. ఆహారము సయింపలేదు. మనిషి చిక్కి శల్యమయ్యెను. దుఃఖము బాణమువలె నాటుకొన్నది. అన్నిటికంటె గమనింపదగిన మాట యొకటి ఆ గ్రంథమున కలదు: ధ్యానమునందు ఆతని మనస్సు నిలువలేదట. ఏండ్ల తరబడి ధ్యానము చేసినవాడే, భయము పట్టుకొన్న దినమున ధ్యానము చేయజాలకపోయెను.

అట్లు తపించుచున్న వృద్ధుని చూచి, ఆతని మేలు కోరిన దేవత యొకతె దగ్గఱకు వచ్చినది. శపించినవాడు ధనము కోరిన మోసగాడనియు, వానికి తలను గూర్చి కాని, తల పగులుటను గూర్చి కాని యేమియు తెలియదనియు చెప్పినది. అట్లయిన తెలిసినవా రెవరని బావరి యడిగెను. బుద్ధుడని దేవత చెప్పినది. అంతట బావరి తన పదునార్గురు శిష్యులను ఉత్తరదేశమునకు పంపెను. వారు ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతము, శ్రావస్తి మున్నగు నగరముల మీదుగా మగధకు పోయి బుద్ధుని దర్శించిరి. అజ్ఞానమే తల యనియు, శ్రద్ధ, స్మృతి, సమాధి, సంకల్పము, వీర్యము అను వానితో కూడిన జ్ఞానమే ఆ తలను పగులగొట్టునదనియు వారికి సమాధానము లభించినది.

ఇందు చరిత్ర యెంత, కథ యెంత యని శ్రోతలు అడుగవచ్చును. పదునార్గురి ప్రశ్నలును సమాధానములును బౌద్ధవాఙ్మయమున మిక్కిలి ప్రాచీనములనియు, బావరి వృత్తాంతము గల ఉపోద్ఘాతము తరువాత చేరినదనియు పండితుల యభిప్రాయము. అస్సకుల రాజధాని నేటి బోధనని పెక్కుమంది చరిత్రకారులు నిర్ణయించిరి. బావరి నివసించిన చోటు నిర్మల జిల్లాలోని బాదనకుర్తి యని కొందఱు తలంచుచున్నారు. గోదావరి పాయల నడుమ నున్న లంక యది, మన కోరుట్ల, జగిత్యాల సీమకు దూరము కాదు. జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో శాతవాహనుల నాణెములు దొరకినవి. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టలో బౌద్ధస్తూపము బయల్పడినది. బావరి యొక్కడే యుండెనో లేదో కాని, ఆ కథ విని తలయూచిన జనము ఈ నేలమీద నుండెననుటకు ఈ శిథిలములే సాక్ష్యము.

ఇక మెదడును గూర్చిన శాస్త్రము వైపునకు పోవుదము. బావరికి ఆకలి యేల చచ్చినది? ఈ ప్రశ్నకు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున శరీరశాస్త్రాచార్యుడైన వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున సమాధానము కలదు. భయము కలుగగానే మూత్రపిండములపై నుండు గ్రంథులు ఆడ్రినలిన్ అను రసమును నెత్తురులోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును; కండరములకు నెత్తురు ఎక్కువగా పాఱును; జీర్ణక్రియ మందగించును. పోరాడుటకో పాఱిపోవుటకో శరీరము సిద్ధమగును. ఎదుట పులి యున్నచో ఇది ప్రాణరక్షకము. కాని మెదడు ఎదుటనున్న పులికి ఎట్లు ఉలికిపడునో, ఒక్క చెడుమాటకును, రాబోవు దినమును గూర్చిన తలపునకును అట్లే ఉలికిపడగలదు. పులి పోవును, తలపు పోదు. ఆ సిద్ధత దినములు, మాసములు నిలిచెనేని మనిషి నిద్రకును తిండికిని దూరమై చిక్కిపోవును. మన ప్రాంతమున దీనికి రంది యను చక్కని మాట యున్నది. రంది పెట్టుకొన్నాడందుము, రందితో పండుకొన్నాడందుము.

మెదడులో కణతలకు లోపల, బాదముగింజ యాకారమున, అమిగ్డాలా యను చిన్న భాగ మిరువైపుల నుండును. అపాయమును పసిగట్టి హెచ్చరించుట దాని పనులలో నొకటి. నుదుటి వెనుకనుండు భాగము నిదానముగ విచారించి, ఆ హెచ్చరికలో నిజమెంతయో తూచి, పగ్గములు పట్టుకొనును. తీవ్రమైన భయమున పగ్గములు సడలును. 2007లో అమెరికాలో మాథ్యూ లీబర్మన్ అను మనశ్శాస్త్రజ్ఞుడును, ఆతని సహచరులును ఒక సంగతి కనుగొనిరి. కోపముగనో భయముగనో ఉన్న ముఖముల చిత్రములను చూపి, ఆ భావమునకు పేరు పెట్టుమన్నప్పుడు, చూచువారి అమిగ్డాలా కదలిక తగ్గినది. నుదుటి వెనుకభాగపు పని హెచ్చినది. భావమునకు పేరు పెట్టుటలో కొంత ఉపశాంతి కలదన్నమాట. ఇది భయము, ఇది రంది, అని తనలో తాను గుర్తించుట ధ్యానాభ్యాసమున మొదటి మెట్లలో నొకటి.

ఊపిరి సంగతియు ఇట్టిదే. మెదడునుండి గుండెకును, పొట్టకును దిగివచ్చు వేగస్ అను నాడి గుండెవడిని తగ్గించును. 1921లో ఆటో లోవీ కప్పగుండెలపై చేసిన ప్రయోగమున ఈ నాడి ఒక రసాయనపదార్థమును విడిచి ఈ పని చేయునని తేలినది. ఊపిరి విడుచునప్పుడు ఈ నాడి ప్రభావము హెచ్చి గుండె కొంత నెమ్మదించును. మా గురువుగారు సంధ్యావందనము నేర్పునప్పుడు, పూరకముకంటె రేచకము దీర్ఘముగ నుండవలెనని వ్రేళ్లు లెక్కించి చూపెడివారు. కారణము వారు చెప్పలేదు, మేమును అడుగలేదు. 2001లో ఇటలీ దేశపు వైద్యుడు లూసియానో బెర్నార్డీయు, ఆతని సహచరులును 23 మంది ఆరోగ్యవంతులను పరీక్షించిరి. క్రైస్తవుల జపమాల ప్రార్థనను లాటిన్ భాషలో చేసినను, యోగమంత్రమును జపించినను ఊపిరి నిమిషమునకు ఇంచుమించు ఆఱుసార్లకు దిగుననియు, రక్తపుపోటును సరిదిద్దు సహజశక్తి దానివలన బలపడుననియు ప్రకటించిరి. మతము వేఱైనను ఊపిరి యొక్కటియే.

శాస్త్రజ్ఞులును, యోగులును ఒకరి నొకరు పరీక్షించుట యెప్పుడు మొదలైనది? 1924వ సంవత్సరము ఇందు స్మరణీయము. ఆ యేడు జర్మనీలోని యేనా నగరమున హాన్స్ బెర్గర్ అను మనోవైద్యుడు మనుష్యుని మెదడునుండి వెలువడు విద్యుత్తరంగములను మొదటిసారి నమోదు చేసెను. ఆ యేడే మన దేశమున లోనావలాలో స్వామి కువలయానందులు కైవల్యధామమును స్థాపించి, యోగమును ప్రయోగశాలలో పరీక్షించుటకు పూనుకొనిరి. ఒకరి పని యొకరికి తెలియదు. దారులు మాత్రము ఒకచోటికే పోవుచుండినవి.

1935లో తెరేజ్ బ్రాస్ అను ఫ్రెంచి వైద్యురాలు హృదయస్పందనమును నమోదుచేయు యంత్రముతో మన దేశమునకు వచ్చి యోగులను పరీక్షించెను. యోగులు గుండెను ఆపగలరను ప్రచారము అప్పటినుండి హెచ్చినది. 1961లో వెంగర్, బాగ్చీ, ఆనంద్ అను మువ్వురు దానిని మరల పరీక్షించి ప్రకటించిరి. ఛాతీకండరములను బిగించి ఊపిరి బంధించుటచేత చేతినాడి అందకపోవుచున్నది, గుండెచప్పుడు వినబడకున్నది, కాని యంత్రము చూచుచుండగా గుండె కొట్టుకొనుచునే యున్నది! ఈ సత్యము వలన యోగమునకు నష్టము కలుగలేదు. గారడీని, అభ్యాసమును వేఱుచేయుట నేర్చితిమి. ఆ యేడే ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో ఆనంద్, ఛీనా, బలదేవ్ సింగ్ అనువారు ధ్యానస్థులైన యోగుల మెదడు తరంగములను నమోదు చేసిరి. సామాన్యునికి వెలుగు చూపినను, చప్పుడు చేసినను విశ్రాంతిసూచకమైన ఆల్ఫా తరంగము చెదరిపోవును. ఆ యోగులకు ధ్యానసమయమున అది చెదరలేదు. ఇది గొప్ప యోగులను గూర్చిన మాట. రందితో కుములు సామాన్యునికి దీనివలన నేమి లాభమను ప్రశ్న మిగిలినది.

దానికి సమాధానము వైద్యశాలలనుండి వచ్చినది. బుద్ధుడు బావరి శిష్యులకు చెప్పినవానిలో స్మృతి యొకటి యని వింటిమి. స్మృతి యనగా ఇచ్చట గతమును తలచుకొనుట కాదు. ఉన్నదానిని ఉన్నట్లు ఎఱుకతో గమనించుట. 1979లో జాన్ కబాత్-జిన్ అను నాతడు అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్యశాలలో, దీర్ఘకాలపు నొప్పులతో బాధపడువారికి ఈ స్మృతిని శిక్షణగ నేర్పనారంభించెను. 2000లో టీస్‌డేల్ మున్నగువారు, కుంగుబాటు వ్యాధి నయమైనవారిలో ఈ విధానపు ఫలితమును ప్రకటించిరి. మూడు మాఱులు గాని అంతకు మించి గాని ఆ వ్యాధికి లోనైనవారిలో, సామాన్యచికిత్స మాత్రమే పొందినవారికి నూటికి 66 మందికి వ్యాధి తిరుగబెట్టగా, స్మృత్యభ్యాసము కూడ చేసినవారిలో 37 మందికే తిరుగబెట్టెను. రెండు మాఱులు మాత్రమే లోనైనవారికి ఇట్టి మేలు కనబడలేదు. ఇందు అద్భుతమేమియు లేదు. నేను పనికిరానివాడను అను తలపు వచ్చినప్పుడు, ఇది తలపు మాత్రమే, తీర్పు కాదు అని గుర్తించుట వారు నేర్చికొనిరి. నీ తల పగులునన్నది శపించినవాని మాటయే కాని సత్యము కాదని దేవత బావరికి చెప్పినదియు ఇదియే.

మన దక్షిణదేశమునందును ఇట్టి పరీక్షలు జరిగినవి. బెంగుళూరులోని జాతీయ మానసికారోగ్య, నాడీశాస్త్ర సంస్థలో జానకిరామయ్య మున్నగు వైద్యులు తీవ్రమైన కుంగుబాటుతో చేరిన 45 మందిని మూడు తెగలుగా విభజించి, నాలుగు వారముల పిదప ఫలితమును 2000లో ప్రకటించిరి. విద్యుచ్చికిత్స పొందినవారిలో నూటికి 93, ఇమిప్రమిన్ అను మందు తీసికొన్నవారిలో 73, సుదర్శనక్రియ యను శ్వాసాభ్యాసము చేసినవారిలో 67 మంది కోలుకొనిరి. శ్వాసాభ్యాసము విద్యుచ్చికిత్సకు సాటి కాలేదు. మందునకు చేరువగ నిలిచినది. 2022లో అమెరికాలో ఎలిజబెత్ హోజ్ మున్నగువారు ఆందోళనవ్యాధి గలవారికి ఎనిమిది వారముల స్మృత్యభ్యాసము, ఎసిటలోప్రామ్ అను మందునకు తీసిపోలేదని తెలిపిరి.

ఇట్టి మాటలు విన్నంతనే, మందులు పాఱవేసి కన్నులు మూసికొని కూర్చుండుడని చెప్పువారు బయలుదేరుదురు. అది ప్రమాదకరము. ఎనిమిది వారముల ధ్యానముతో మెదడులోని కొన్ని భాగములు పెరిగినవని 2011లో ఒక పరిశోధన ప్రకటింపగా, లోకమంతయు దానిని చాటినది. అంతకంటె ఎక్కువమందిపై జరిపి 2022లో ప్రకటించిన పరిశోధనలో ఆ మార్పు కనబడలేదు. శాస్త్రము నిన్నటి మాటను నేడు తూచి చూచును; అదియే దాని మర్యాద. మఱియు ధ్యానము అందఱకు, అన్నివేళల పనికివచ్చునది కాదు. మతిభ్రమ గలవారికి తీవ్రధ్యానము కీడు చేయవచ్చును. 1969లో బర్మానుండి విపశ్యనను మన దేశమునకు మరల తెచ్చిన సత్యనారాయణ గోయంకాగారి బోధనకు 1976లో హైదరాబాదు శివారున ధమ్మఖేత్త మను కేంద్ర మేర్పడినది. తీవ్రమైన మనోవ్యాధి గలవారికి తమ శిబిరములు తగవని ఆ సంప్రదాయమువారే చెప్పుదురు. బావరి మనస్సు భయకాలమున ధ్యానమున నిలువలేదని వ్రాసిన ప్రాచీనుడు ఈ సత్య మెఱిగినవాడే. నూతిలో పడినవానికి త్రాడు వేయవలెను కాని ఈత నేర్పరాదు. ఈత ముందుగనో, పిదపనో నేర్పవలసినది.

ఇప్పుడు మన యింటి సంగతి. ఇయ్యది చెప్పుటకే ఇంత దూరము తిరిగివచ్చితిని. సిరిసిల్ల మరమగ్గముల ఊరు. 1990ల చివరినుండి, అంతకు మించి 2000ల దశకమున, అప్పులు తీర్చలేక, గిట్టుబాటు లేక, పని సన్నగిల్లి, ఎందఱో నేతన్నలు తమ ప్రాణములు తామే తీసికొనిరి. మా పల్లెలనుండి దుబాయి, మస్కట్ మున్నగు చోట్లకు పోయిన మగవారు అప్పును మోసికొనియే పోయిరి. ఇండ్లలో తల్లులు, భార్యలు రందిని మోయుచుండిరి. ఇయ్యలేని సొమ్మును అడుగువాడు గుమ్మమున నిలుచుట, ఏడు దినముల గడువు, తిండి సయింపకుండుట, నిద్ర పట్టకుండుట: బావరి కథలో నున్నవన్నియు మన యిండ్లలో నున్నవి. అప్పు ధ్యానముతో తీరదు. దానికి న్యాయమైన కూలియు, పనియు, ప్రభుత్వపు ఆదుకోలును కావలెను. కాని అప్పు మనిషిని చంపదు. అప్పును మోయు తల ఒంటరియైనప్పుడు, ఇక దారి లేదను తలపు సత్యమువలె తోచినప్పుడు చావు దగ్గఱకు వచ్చును. ఆ తలపు సత్యము కాదని గుర్తించుటకు కావలసిన వ్యవధిని ఊపిరి యిచ్చును, మాట యిచ్చును, మం దిచ్చును, తోడు మనిషి యిచ్చును.

చట్టము సైతము ఈ సంగతిని గ్రహించినది. 2017 నాటి మానసికారోగ్యరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగ భావించి, శిక్షకు గుఱిచేయక ఆదుకొనవలెనని చెప్పుచున్నది. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము టెలీ మానస్ అను సహాయమును ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో పగలు రాత్రి యనక, తెలుగులోనే, రుసుము లేకయే మాటాడవచ్చును. పిచ్చివారికి మాత్రమే ఇట్టివి యని సిగ్గుపడవలదు. బావరి వేదములెఱిగిన పండితుడు, వందయేండ్లు దాటిన వృద్ధుడు, ఎందఱో శిష్యులు గల గురువు. తనకు తెలియదని, తెలిసినవా రెవరని అడుగుటకు ఆతడు సిగ్గుపడలేదు.

శిష్యులలో వృద్ధుడైన పింగియుడు తిరిగివచ్చి, తాను వినినదంతయు బావరికి చెప్పెనని గ్రంథము తెలుపుచున్నది. ఏడు దినముల గడువు ఏనాడో దాటినది, తల పగులలేదు. ఆ వృద్ధుని దగ్గఱకు మొట్టమొదట వచ్చిన దేవత పేరు మాత్రము గ్రంథమున లేదు. ఆమె ధ్యానము నేర్పలేదు, మం దియ్యలేదు. ఒకడు తిండి మాని కుములుచుండుట చూచి, పిలువకుండగనే వచ్చి పలుకరించినది. నేటి రాత్రి మీ వాడకట్టున, దీప మార్పక, తినక కూర్చున్న అన్న యెవడైన నున్నచో, తలుపు తట్టి, “ఏమే అన్నా, అన్నం తిన్నవా?” అని యడుగుడు. ఆతడు చెప్పుకొన్నంతసేపు కూర్చుండి వినుడు. తెల్లవాఱినంతనే వైద్యునియొద్దకు వెంటబెట్టుకొని పొండు.